నడుము కీళ్లలో చీము: మందుకన్నా ముందు క్రిమి పేరు తెలియాలి

పుదుచ్చేరి పట్టణంలోని తట్టాంచావడిలో పారిశ్రామికవాడ ఉంది, వ్యవసాయ శాఖ ప్రాంగణం ఉంది, రైతులు సరుకు తెచ్చే నియంత్రిత మార్కెట్ ఉంది. తమిళంలో తట్టాన్ అంటే కంసాలి. చావడి అన్న మాటను తెలుగువారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. యంత్రం ముందు రోజంతా నిలబడేవారు, బస్తాలెత్తేవారు, బండి మీద ఊరంతా తిరిగేవారు ఉండే ఇలాంటి చోట నడుము నొప్పి ఎరగని ఇల్లు వెతికినా దొరకదు. ప్రపంచం మొత్తమ్మీద 2020లో దాదాపు 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉన్నట్టు అంచనా. వారిలో అత్యధికులకు కారణం కండరాల బెణుకో, డిస్కు అరుగుదలో, ఫలానా అని వేలు పెట్టి చూపలేని ఒత్తిడో. కొన్ని రోజుల్లోనో వారాల్లోనో అది సర్దుకుంటుంది.

చాలా కొద్దిమందిలో మాత్రం కారణం బ్యాక్టీరియా. సంపన్న దేశాల లెక్కల ప్రకారం వెన్నెముకకు చీముపట్టే ఇన్ఫెక్షన్ ఏటా లక్ష మందిలో సుమారు ఇద్దరి నుంచి ఏడుగురికి వస్తుంది. అరుదైన జబ్బే. అయితే ఆలస్యమైతే ఆ కొద్దిమందిలో కాళ్లు పడిపోవచ్చు, మూత్రంపై అదుపు పోవచ్చు, ఒక్కోసారి ప్రాణమే పోవచ్చు. మన దేశంలో ఈ ఆలస్యానికి మందుల కొరతను తప్పు పట్టడానికి లేదు. యాంటీబయాటిక్‌లు సందు చివరి దుకాణంలోనూ దొరుకుతాయి. దొరకనిది క్రిమి పేరు. ఏ బ్యాక్టీరియా పట్టిందో తేల్చే నమూనా తీయకముందే మందు మొదలైపోతుంది. ఆ తర్వాత రోగి ఎంత పెద్ద ఆసుపత్రికి చేరినా ప్రయోగశాల గిన్నెలో ఏమీ మొలవకపోవచ్చు. ఈ వరుస తలకిందులుగా ఉన్నంతకాలం కొత్త మందులు ఎన్ని వచ్చినా ప్రయోజనం తక్కువే.

వెన్నెముక అనగానే ఎముకల దొంతర, వాటి మధ్య మెత్తటి డిస్కులు అన్న బొమ్మే మనసులో మెదులుతుంది. నిజానికి నడుములోని ఐదు వెన్నుపూసల మధ్య ప్రతి అంతస్తులోనూ మూడు అతుకులుంటాయి. ముందువైపు డిస్కు, వెనకవైపు కుడి ఎడమల రెండు చిన్న కీళ్లు. ఈ వెనక కీళ్లనే ఫేసెట్ కీళ్లు అంటారు. ఒక్కొక్కటీ దాదాపు బొటనవేలి గోరంత. పరిమాణం చిన్నదైనా నిర్మాణంలో మోకాలి కీలుకు తీసిపోదు: ఎముక కొనలపై మృదులాస్థి, చుట్టూ పలుచని పొర, లోపల జారుడు ద్రవం అన్నీ ఉంటాయి. మనిషి వంగినప్పుడు, పక్కకు తిరిగినప్పుడు వెన్నుపూసలు గీత దాటకుండా పట్టి ఉంచేవి ఇవే. ఇంకా కిందకు వస్తే త్రికాస్థికీ తుంటి ఎముకకూ మధ్య రెండు పెద్ద కీళ్లున్నాయి. వాటిని సాక్రోఇలియాక్ కీళ్లు అంటారు. నడుము కింది నొప్పి అని జనం చెప్పేదాంట్లో ఈ కీళ్ల వాటా కూడా ఉంటుంది.

మోకాల్లో చీము పడితే అది ఉబ్బుతుంది, ఎర్రబడుతుంది, ముట్టుకుంటే కాలుతుంది. ఎవరికైనా తెలిసిపోతుంది. ఫేసెట్ కీలు కండరాల కింద లోతుగా ఉంటుంది కాబట్టి పైకి ఏమీ కనిపించదు. దానిలో పట్టే ద్రవం ఒకటి రెండు మిల్లీలీటర్లే. అంత చిన్న గదిలో చీము చేరితే పొర త్వరగా చిరుగుతుంది. చీము వెనక్కి పోతే నడుము కండరాల్లో గడ్డ కడుతుంది. ముందుకు పోతే నరాలుండే కాలువలోకి చేరుతుంది. ఆ రెండో దారే ప్రమాదకరం. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది; దాని దిగువన గుర్రపు తోకలా వేలాడే నరాల గుత్తి కాళ్లకూ మూత్రాశయానికీ మలద్వారానికీ ఆజ్ఞలు మోస్తుంది. చీము ఒత్తిడి పడేది ఆ గుత్తి మీదనే.

క్రిమి అంత లోపలికి ఎలా వెళుతుందన్నది తరచూ అడిగే ప్రశ్న. ఎక్కువగా రక్తం ద్వారానే. కాలి మీద సెగగడ్డ, మానని మధుమేహపు పుండు, మూత్రంలో ఇన్ఫెక్షన్, డయాలసిస్ కోసం పెట్టిన గొట్టం, రోజుల తరబడి చేతికి ఉంచేసిన సెలైన్ సూది, వీటిలో ఏదైనా మొదటి మెట్టు కావచ్చు. వెన్నెముకకు రక్తం తెచ్చే ధమని రెండుగా చీలి పక్కపక్కనున్న రెండు వెన్నుపూసలకూ వెళుతుంది. అందుకే డిస్కు ఇన్ఫెక్షన్‌లో పై ఎముక, కింది ఎముక, మధ్య డిస్కు కలిసి దెబ్బతినడం కనిపిస్తుంది. పెద్దవారిలో డిస్కుకు సొంత రక్తనాళాలు లేవు. రక్తంలో వచ్చే మందు కూడా అక్కడికి కష్టంగానే చేరుతుంది. మరో దారిని 1940లో ఆస్కార్ బాట్సన్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త వివరించాడు. కటివలయం నుంచి వెన్నెముక చుట్టూ పాకే సిరల వలలో కవాటాలుండవు. దగ్గినా ముక్కినా అందులో రక్తం వెనక్కి కూడా ప్రవహించగలదు. మూత్రకోశంలోని క్రిమి నడుముకు చేరే ఒక అవకాశం అలా ఏర్పడుతుంది.

రక్తంతో పనిలేకుండా నేరుగా వెళ్లే దారి కూడా ఒకటుంది, అది సూది మొన. నొప్పి తగ్గించడానికి ఫేసెట్ కీలులోకి, నరాల చుట్టూ స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇవ్వడం ఇప్పుడు నగరాల్లో మామూలైంది. శుభ్రత పాటించి ఇస్తే ప్రమాదం చాలా తక్కువ. పాటించకపోతే ఏమవుతుందో 2012లో అమెరికా చూసింది. ఒకే సంస్థలో తయారైన స్టెరాయిడ్ మందు కలుషితమై 750 మందికి పైగా జబ్బుపడ్డారు, 60 మందికి పైగా చనిపోయారు. అక్కడి దోషి బ్యాక్టీరియా కాదు, బూజు. దారి మాత్రం ఇదే. కొందరికి మెదడు పొరల వాపు వస్తే, మరికొందరికి సూది దిగిన చోటే వెన్నులో ఇన్ఫెక్షన్ పాతుకుంది.

మధుమేహం ఉన్నవారిలో ఈ ముప్పు ఎక్కువ. ఐసీఎంఆర్ మద్దతుతో జరిగిన ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో మధుమేహం 10.1 కోట్ల మందికి ఉందని అది అంచనా వేసింది. రాష్ట్రాలవారీ పట్టికలో గోవా 26.4 శాతంతో మొదట ఉంటే పుదుచ్చేరి 26.3 శాతంతో దాదాపు పక్కనే నిలిచింది. అంటే పెద్దవారిలో నలుగురిలో ఒకరికి పైగా. తట్టాంచావడిలో నడుము నొప్పితో క్లినిక్ మెట్లెక్కే నడివయసు మనిషికి చక్కెర జబ్బు ఉండే అవకాశం ఎంతో చెప్పడానికి ఆ ఒక్క అంకె చాలు.

ఆ మనిషినే ఊహించుకుందాం. వయసు యాభై దాటింది, చక్కెర ఉంది, నెల కిందట కాలిపై ఒక గడ్డ వచ్చి పగిలింది. ఇప్పుడు నడుములో ఒకవైపు నొప్పి. పడుకున్నా తగ్గదు, రాత్రి నిద్రలేపుతుంది. మొదట మాత్ర మింగుతాడు. తగ్గకపోతే దుకాణంలో మరో మాత్ర, దాంతో పాటు మూడు రోజుల యాంటీబయాటిక్. ఆ తర్వాత ఒక క్లినిక్‌లో సూది, అందులో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. నొప్పి మాత్ర జ్వరాన్ని కప్పేస్తుంది. స్టెరాయిడ్ వాపును అణిచి రెండు రోజులు హాయినిస్తుంది, క్రిమికి మాత్రం వెసులుబాటు ఇస్తుంది. సగం మోతాదు యాంటీబయాటిక్ క్రిమిని చంపదు, కల్చర్‌లో మొలవకుండా మాత్రం చేస్తుంది. ఎక్స్‌రే తీస్తే బాగానే ఉందంటారు. ఎముక మూడో వంతో సగమో కరిగితే గాని ఎక్స్‌రేలో మార్పు తెలియదు, అందుకు కొన్ని వారాలు పడుతుంది. ఈ కథలో ఎవరూ దుర్మార్గులు కారు. ప్రతి అడుగూ విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది. అన్నీ కలిసే మనిషిని మంచాన పడేస్తాయి.

జ్వరం లేదు కాబట్టి ఇన్ఫెక్షన్ కాదన్న నమ్మకం ఒకటి జనంలోనే కాదు, వైద్యుల్లోనూ ఉంది. వెన్నెముక ఇన్ఫెక్షన్ ఉన్నవారిలో సుమారు సగం మందికి జ్వరమే ఉండదు. తెల్ల రక్తకణాల లెక్క కూడా మామూలుగా ఉండవచ్చు. ఫేసెట్ కీలు ఇన్ఫెక్షన్‌లో నొప్పి కాస్త హఠాత్తుగా, ఒకవైపే వస్తుంది, జ్వరం కొంచెం ఎక్కువమందిలో కనిపిస్తుంది. డిస్కుకు పట్టినప్పుడు నెమ్మదిగా ముదురుతుంది. రెండింటినీ దాదాపుగా పట్టించేవి రెండు చవక పరీక్షలు, ఈఎస్ఆర్, సీఆర్‌పీ. ఇవి పెరిగి ఉంటే ఎక్కడో వాపు ఉందని అర్థం. ఎక్కడన్నది చెప్పేది ఎంఆర్‌ఐ. ఏ క్రిమి అన్నది చెప్పగలిగేది రక్తం, చీము లేదా ఎముక ముక్కల కల్చర్ ఒక్కటే. ఈ చివరి పరీక్షను మన వ్యవస్థ ఐచ్ఛికంగా చూస్తుంది. ఎంఆర్‌ఐ ఫిల్ముకు ఉన్న గౌరవం కల్చర్ సీసాకు లేదు.

అమెరికా అంటువ్యాధుల వైద్య సంఘం 2015లో విడుదల చేసిన మార్గదర్శకాలు ఈ విషయంలో సూటిగా ఉన్నాయి. కాళ్ల బలహీనత, రక్తంలో విషం వ్యాపించిన లక్షణాలు లేని రోగికి క్రిమి ఏదో తేలేవరకు యాంటీబయాటిక్ ఆపి ఉంచమంటాయి. ఇది వినడానికి మొరటుగా ఉంటుంది. ఇన్ఫెక్షన్ ఉందని తెలిసి మందు ఆపడమేమిటని రోగి బంధువులు నిలదీస్తారు. అందులోని తర్కం సులువైనదే. ఈ జబ్బుకు కనీసం ఆరు వారాల చికిత్స కావాలి. ఆరు వారాలు ఏ మందు వాడాలో తెలుసుకోవడానికి రెండు మూడు రోజులు ఆగడం నష్టం కాదు. కాళ్లలో బలం తగ్గుతున్నా, మూత్రం ఆగిపోయినా, రక్తపోటు పడిపోతున్నా ఆ లెక్క వర్తించదు. అప్పుడు రక్తం తీసి, ఆ వెంటనే మందు, అవసరమైతే శస్త్రచికిత్స.

ఆరు వారాలన్న లెక్క కూడా ఊహతో వచ్చినది కాదు. ఫ్రాన్స్‌లోని 71 కేంద్రాల్లో జరిగి 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ప్రయోగంలో వెన్నెముక ఇన్ఫెక్షన్ రోగుల్లో సగం మందికి ఆరు వారాలు, మిగతా సగానికి పన్నెండు వారాలు మందు ఇచ్చారు. రెండు వైపులా నయమైనవారు 90.9 శాతమే. 2019లో బ్రిటన్‌లో 1,054 మందిపై జరిగిన మరో ప్రయోగంలో ఎముకలు, కీళ్ల ఇన్ఫెక్షన్‌లకు తొలి ఆరు వారాలు సూది మందు వాడినా నోటి మాత్ర వాడినా ఫలితం దాదాపు ఒకటేనని తేలింది. ఇది మన దేశంలో పేదవారికి పెద్ద వార్త. నెలన్నర ఆసుపత్రి మంచంమీద ఉండనక్కర్లేకుండా ఇంటి నుంచే చికిత్స సాగవచ్చు, కూలి పూర్తిగా పోదు. ఈ వెసులుబాటు అందాలంటే ఒక షరతు ఉంది. క్రిమి ఏదో, అది ఏ మాత్రకు లొంగుతుందో తెలిసి ఉండాలి. పేరు తెలియని క్రిమికి మాత్రల చికిత్స అంటే చీకట్లో రాయి వేయడమే.

వెన్నెముకలో ఎక్కువగా దొరికే దోషి స్టెఫైలోకాకస్ ఆరియస్. చర్మం మీద, ముక్కులో నిశ్శబ్దంగా ఉండే క్రిమి ఇది. దీనిలో రెండు రకాలున్నాయి. ఒకటి మామూలు బీటా లాక్టమ్ మందులకు లొంగేది, రెండోది వాటిని లెక్కచేయని ఎమ్ఆర్ఎస్ఏ. మొదటిదానికి సెఫాజోలిన్ వంటి పాత, చవక మందు మేలైనది. దానికి వాంకోమైసిన్ ఇస్తే ఖర్చు పెరుగుతుంది, ఫలితం తగ్గుతుంది. రెండోదానికి సెఫాజోలిన్ ఇస్తే అసలు పనిచేయదు. ఐసీఎంఆర్ 2013లో మొదలుపెట్టిన యాంటీబయాటిక్ నిరోధకత నిఘా వ్యవస్థ నివేదికల్లో ఇటీవలి ఏళ్లలో ఎమ్ఆర్ఎస్ఏ వాటా 40 శాతం దాటి ఉంది. అంటే ఊహించి మందు ఇవ్వడం దాదాపు నాణెం ఎగరేయడంతో సమానం.

ఈ నిఘా వ్యవస్థలో స్టెఫైలోకాకస్, ఎంటెరోకాకస్ క్రిములకు జాతీయ నోడల్ కేంద్రం జిప్‌మర్. తట్టాంచావడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఫ్రెంచి వారు 1823లో పెట్టిన వైద్య పాఠశాలకు వారసురాలిగా 1964లో ఇప్పటి పేరు పొంది, 2008లో జాతీయ ప్రాముఖ్య సంస్థ హోదా అందుకున్న ఆసుపత్రి అది. నడుము కీలులో చీముపట్టించే ముఖ్య క్రిమి దేశంలో ఏ మందుకు ఎంత మొండికేస్తోందో లెక్క కట్టే చోటు కూడా అదే. ఇంత నైపుణ్యం ఇంత దగ్గరలో ఉన్నా, చుట్టుపక్కల క్లినిక్‌లో మొదటి మోతాదు పడ్డాక వచ్చే నమూనా నుంచి ఏ నిపుణుడూ ఎక్కువ రాబట్టలేడు. ఇది పుదుచ్చేరి సమస్య మాత్రమే కాదు. గుంటూరుకూ వరంగల్‌కూ ఇదే వర్తిస్తుంది, పెద్ద ఆసుపత్రి దూరమైన కొద్దీ ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన తెలుగు యానాం పుదుచ్చేరికి 800 కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడ 2024లో జిప్‌మర్ విభాగం ప్రారంభమైంది. అలాంటి కేంద్రాలకు స్కానింగ్ యంత్రం ఎంత ముఖ్యమో, రక్త కల్చర్ తీసి సరైన ప్రయోగశాలకు పంపే ఏర్పాటు అంతకన్నా ముఖ్యం.

మన దేశంలో ఈ విషయాన్ని మరింత చిక్కుగా మార్చేది క్షయ. వెన్నెముక క్షయ చాలా పాత జబ్బు. ఈజిప్టు మమ్మీల్లో దాని గుర్తులు దొరికాయి. 1779లో పెర్సివల్ పాట్ అనే ఆంగ్ల శస్త్రవైద్యుడు గూనికీ కాళ్లు పడిపోవడానికీ ఉన్న సంబంధాన్ని వర్ణించాడు. దీని చికిత్సను మార్చేసిన పరిశోధనల్లో ఒకటి మద్రాసులో జరిగింది. 1956లో ఏర్పడిన అక్కడి క్షయ పరిశోధన కేంద్రం 1970ల నుంచి వెన్నెముక క్షయ రోగులను మంచాన కట్టేయకుండా, నడిపిస్తూనే మందులతో నయం చేయవచ్చని చూపింది. నడుము, త్రికాస్థి భాగంలో క్షయ పట్టినవారిని 15 ఏళ్ల పాటు గమనించి ఫలితాలు ప్రచురించిన ఘనత కూడా ఆ పరిశోధకులదే. అంతవరకు అందరికీ పెద్ద శస్త్రచికిత్స కావాలన్న వాదం బలంగా ఉండేది.

ఆ విజయం ఒక సోమరి అలవాటును కూడా మిగిల్చిందనక తప్పదు. వెన్నులో చీము కనిపిస్తే క్షయే అనుకుని, ముక్క పరీక్ష లేకుండా క్షయ మందులు మొదలుపెట్టడం ఆ అలవాటు. క్షయ ఎక్కువున్న దేశంలో ఆ అంచనా చాలాసార్లు నిజమవుతుంది. తప్పినప్పుడు తప్పిందని త్వరగా తెలియదు, అదే ఇక్కడి చిక్కు. క్షయ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ స్టెఫైలోకాకస్ మీదా బ్రూసెల్లా మీదా కూడా కొంత పనిచేస్తుంది. రోగికి నెలరోజులు కొంచెం నయమనిపిస్తుంది, వైద్యుడికి తన అంచనా సరైందనిపిస్తుంది, ఆ తర్వాత జబ్బు తిరగబెడుతుంది. దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. మూత్ర ఇన్ఫెక్షన్‌కో దగ్గుకో వాడే లెవోఫ్లాక్సాసిన్ క్షయ క్రిమిని కొంత అణుస్తుంది. నిజంగా క్షయ ఉన్న మనిషి ఆ మాత్రలు వాడితే నిర్ధారణ ఇంకొన్ని వారాలు వెనక్కి పోతుంది. వెన్నెముక క్షయకు దేశ మార్గదర్శకాలు 2016లో సూచించిన చికిత్స కనీసం 12 నెలలు. ఏడాది మందు మింగించే ముందు ఒక్కసారి సూదితో ముక్క తీసి, జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షకూ కల్చర్‌కూ పంపమని అడగడం రోగి మీద దయే.

బ్రూసెల్లా సంగతి పాడి రైతులకూ గొర్రెల కాపరులకూ తెలిసి ఉండాలి. చూడి పశువులు ఈసుకుపోయే జబ్బుకు కారణమైన ఈ బ్యాక్టీరియా పచ్చిపాల ద్వారా, ఈసుకుపోయిన పిండాన్నీ మాయనూ వట్టి చేతులతో తీయడం ద్వారా మనుషులకు వస్తుంది. నడుము వెన్నుపూసలూ సాక్రోఇలియాక్ కీళ్లూ దానికి ఇష్టమైన చోట్లు. జ్వరం వచ్చిపోతూ ఉంటుంది, చెమటలు పడతాయి, నడుము పట్టేస్తుంది. దీనికి కావలసింది డాక్సీసైక్లిన్‌తో పాటు మరో మందు, సాధారణంగా మూడు నెలలు. 2019లో కేంద్రం ప్రారంభించిన పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు బ్రూసెల్లా టీకా వేయిస్తోంది. దూడకు వేసే టీకా మనిషి నడుమును కాపాడుతుందని పశువైద్య శాఖ పోస్టర్లలో రాయకపోవడం ఆశ్చర్యమే. వరి మడుల మట్టిలో ఉండే బర్క్‌హోల్డేరియా సూడోమల్లే మరో రకం. మెలియాయిడోసిస్ అనే జబ్బు తెచ్చే ఈ క్రిమి మధుమేహం ఉన్నవారిని ఎంచుకున్నట్టు పడుతుంది, క్షయలా నటిస్తుంది, మామూలు యాంటీబయాటిక్‌లు చాలావాటికి లొంగదు. దక్షిణాది తీర ప్రాంతాల్లో ఇది ఉందని వైద్యులు చాలాకాలంగా నివేదిస్తున్నారు.

ఇన్ని క్రిములు, ఒక్కోదానికి ఒక్కో మందు, ఆరు వారాల నుంచి ఏడాది దాకా మారే గడువు. వీటన్నిటికీ కలిపి ఒకే సూది వేయవచ్చన్న ఊహే ఇక్కడ అసలు ప్రత్యర్థి.

యాంటీబయాటిక్ పిచ్చి ఎంత దూరం పోగలదో చెప్పడానికి యూరప్ నుంచి ఒక ఉదాహరణ చాలు. 2013లో డెన్మార్క్ పరిశోధకులు దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 162 మందిపై చేసిన ప్రయోగం ప్రచురించారు. ఎంఆర్‌ఐలో డిస్కు పక్క ఎముకలో మోడిక్ మార్పులు అనే వాపు గుర్తులున్నవారికి వంద రోజులు అమాక్సిసిలిన్, క్లావులనేట్ ఇస్తే నొప్పి బాగా తగ్గిందన్నారు. పత్రికలు దాన్ని ఆకాశానికెత్తాయి. నడుము నొప్పికి యాంటీబయాటిక్ అడిగే రోగులు పెరిగారు. నార్వే పరిశోధకులు అదే ప్రశ్నను 180 మందిపై మరింత కట్టుదిట్టంగా పరీక్షించి 2019లో ఫలితం చెప్పారు. మూడు నెలలు అమాక్సిసిలిన్ వాడినా చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. అంటే బ్యాక్టీరియా నిరూపణ కానివారికి మూడు నెలల మందు, నిజంగా బ్యాక్టీరియా ఉన్నవారికి పేరు తెలియని మూడు రోజుల మందు. ఈ రెండు తప్పులూ ఒకే వేరు నుంచి పుట్టాయి.

నియమాలు లేక కాదు. 2014 నుంచి అమలులో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం సెఫలోస్పోరిన్‌ల వంటి బలమైన యాంటీబయాటిక్‌లు, క్షయ మందులు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మిన వివరాలు మూడేళ్లు రిజిస్టరులో ఉంచాలి. 2016లో మందు అట్టలపై ఎర్ర గీత గురించి ప్రచారం కూడా జరిగింది. దుకాణదారుడిని దండించడంతో ఇది తీరదు. దుకాణానికి వచ్చే మనిషికి రోజు కూలి వదులుకుని పెద్దాసుపత్రి వరుసలో నిలబడే తీరిక లేదు. అతనికి దగ్గర్లో, ఆ రోజే, మందుకు ముందు రెండు సీసాల రక్తం తీసే చోటు కావాలి. ప్రభుత్వాల ఉచిత పరీక్షల పథకాల్లో ప్రాథమిక కేంద్రంలో సీఆర్‌పీ, అక్కడి నుంచి జిల్లా ప్రయోగశాలకు కల్చర్ సీసాల రవాణా గట్టిపడితే పెట్టే ఖర్చు, కాళ్లు పడిపోయిన ఒక్క మనిషి కుటుంబం మోసే ఖర్చు ముందు ఎంత?

దీనికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. నడుము నొప్పి అన్న ప్రతివారికీ కల్చర్, ఎంఆర్‌ఐ అంటే ప్రయోగశాలలు కూలిపోతాయి. అందుకే మొదటి జల్లెడ ప్రశ్నలతోనే జరగాలి. పడుకున్నా తగ్గని నొప్పా, రాత్రి లేపుతోందా, ఈ మధ్య గడ్డో మూత్ర ఇన్ఫెక్షనో సూదో పడిందా, మధుమేహం, డయాలసిస్, స్టెరాయిడ్ వాడకం ఉన్నాయా, బరువు తగ్గిందా, ఇంట్లో క్షయ ఉందా, కాళ్లు తిమ్మిరిగా ఉన్నాయా. వీటికి రెండు నిమిషాలు చాలు. రెండో అభ్యంతరం ఇంకా నిజమైనది. శుభ్రత లేకుండా తీసిన రక్తంలో చర్మం మీది అమాయక క్రిములు మొలిచి తప్పుదారి పట్టిస్తాయి. దానికి విరుగుడు రెండు వేర్వేరు చోట్ల నుంచి రెండు జతలు తీయడం, తీసేవారికి శిక్షణ ఇవ్వడం. ఇంత చేసినా రక్త కల్చర్ సుమారు సగం మందిలోనే సమాధానం ఇస్తుంది. మిగతావారికి సూదితో ముక్క తీయక తప్పదు.

వెన్నుకాలువలో చీము ఎలా ముదురుతుందో 1948లో ఆల్బర్ట్ హ్యూస్నర్ నాలుగు మెట్లుగా రాశాడు. మొదట వెన్ను నొప్పి, తర్వాత నరం వెంట కాలిలోకి పాకే పోటు, తర్వాత బలహీనత, చివర పక్షవాతం. మొదటి మెట్టు నుంచి రెండోదానికి రోజులో వారాలో పట్టవచ్చు. మూడు నుంచి నాలుగుకు కొన్ని గంటలే చాలవచ్చు. నాలుగో మెట్టు చేరి ఒకటి ఒకటిన్నర రోజు దాటితే కాళ్లు తిరిగి వచ్చే ఆశ బాగా సన్నగిల్లుతుంది. క్రిమి పేరు అడగడానికి తీరిక ఉండేది మొదటి రెండు మెట్లలోనే.

కల్చర్ సీసా పెద్ద సరంజామా కోరదు. రక్తం వేసిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టకూడదు, గది వేడిలోనే ఉంచి వీలైనంత త్వరగా ప్రయోగశాలకు చేర్చాలి. స్టెఫైలోకాకస్ చాలాసార్లు ఒక రోజులోనే మొలుస్తుంది. బ్రూసెల్లాకు ఎక్కువ రోజులు, క్షయకు వారాలు కావాలి. సీసాతో వెళ్లే చీటీలో వయసు, మంచం నంబరుతో పాటు ఇంకో రెండు మాటలు రాయాలి: ఇంట్లో మేకలున్నాయా, వరి మడిలో దిగి పని చేస్తాడా. ఆ రెండు మాటలుంటే ప్రయోగశాల సీసాను మరికొన్ని రోజులు దాచి చూస్తుంది. అంతేకాదు, బ్రూసెల్లా, బర్క్‌హోల్డేరియా గాలి ద్వారా ప్రయోగశాల సిబ్బందికే అంటగలవు కాబట్టి అక్కడి టెక్నీషియన్ గిన్నె మూతను రక్షణ క్యాబినెట్‌లోనే తెరుస్తాడు.